ఇంటర్నెట్‌ లేదు... అయినా హార్వర్డ్‌పై గెలిచారు!

గ్రూప్‌ డిస్కషన్‌ అనగానే సమాచారం సరిపోదేమో, ఇంగ్లిష్‌ చాలదేమో అని భయపడుతున్నారా? అయితే ఒక జైలు డిబేట్‌ జట్టు కథ మీరు తెలుసుకోవాలి.

2015 సెప్టెంబరు. అమెరికాలోని న్యూయార్క్‌ రాష్ట్రంలో నాపనాక్‌ అనే చిన్న ఊరు. అక్కడి గరిష్ఠ భద్రత ఉండే జైల్లో ఒక డిబేట్‌ జరిగింది. ఒకవైపు హార్వర్డ్‌ యూనివర్సిటీ డిబేట్‌ జట్టు నుంచి వచ్చిన ముగ్గురు విద్యార్థులు. మరోవైపు అదే జైల్లో శిక్ష అనుభవిస్తూ కాలేజీ చదువు చదువుతున్న ముగ్గురు ఖైదీలు. ప్రేక్షకులు తోటి ఖైదీలే, ఓ 75 మంది. సుమారు గంటపాటు వాదనలు విన్నాక న్యాయనిర్ణేతలు విజేతను ప్రకటించారు. గెలిచింది ఖైదీల జట్టు!

వార్త ప్రపంచమంతా తిరిగింది. చాలామంది ‘అద్భుతం’ అని షేర్‌ చేసి అక్కడితో వదిలేశారు. ఉద్యోగాల వేటలో ఉన్న మనం మాత్రం ఇంకో ప్రశ్న అడగాలి. అసలు ఎలా గెలిచారు?

ఎదుటి జట్టు తక్కువదేం కాదు

హార్వర్డ్‌ డిబేట్‌ యూనియన్‌ స్థాయి ఏంటో తెలియాలంటే దూరం వెళ్లక్కర్లేదు. 2014 జనవరిలో మన పక్కనే చెన్నైలో ప్రపంచ యూనివర్సిటీల డిబేటింగ్‌ ఛాంపియన్‌షిప్‌ జరిగింది. ఆతిథ్యమిచ్చింది రాజలక్ష్మి ఇంజినీరింగ్‌ కాలేజీ. అక్కడ టైటిల్‌ గెలిచింది హార్వర్డే. 2016లో గ్రీస్‌లోని థెస్సలోనికీలో జరిగిన పోటీలోనూ హార్వర్డే ఛాంపియన్‌. ఈ రెండు టైటిళ్ల మధ్య కాలంలోనే జైలు జట్టు వాళ్లపై గెలిచింది.

జైల్లో కాలేజీ ఏంటి అంటారా? దాని వెనుక కాస్త చరిత్ర ఉంది. అమెరికాలో 1994లో వచ్చిన ఒక చట్టం ఖైదీలకు పెల్‌ గ్రాంట్లు అందకుండా చేసింది. ఇవి పేద విద్యార్థుల డిగ్రీ చదువుకు ప్రభుత్వం ఇచ్చే సాయం, మన ఫీజు రీయింబర్స్‌మెంట్‌ లాంటివి అనుకోండి. డబ్బు ఆగిపోవడంతో జైళ్లలో నడుస్తున్న కాలేజీ కోర్సులు ఎక్కువ భాగం మూతపడ్డాయి. ఆ ఖాళీని కొంతైనా పూడ్చాలని 1999లో బార్డ్‌ కాలేజీ విద్యార్థి మ్యాక్స్‌ కెన్నర్‌ ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. అదే బార్డ్‌ ప్రిజన్‌ ఇనిషియేటివ్‌. ఇందులో సీటు ఊరికే రాదు. వ్యాసం రాయాలి, ఇంటర్వ్యూలో నెగ్గాలి. బయటి క్యాంపస్‌లో ఇచ్చే బార్డ్‌ డిగ్రీయే లోపలా ఇస్తారు, ప్రమాణాల్లో రాయితీ ఉండదు.

ఈ విద్యార్థులతోనే డిబేట్‌ జట్టు తయారైంది. 2014లో వాళ్లు ఎదుర్కొన్న తొలి ప్రత్యర్థి వెస్ట్‌ పాయింట్‌, అంటే అమెరికా సైన్యానికి అధికారులను తయారుచేసే అకాడమీ. గెలిచారు. తర్వాత వెర్మాంట్‌ యూనివర్సిటీ జట్టుపైనా గెలిచారు. 2015లో వెస్ట్‌ పాయింట్‌తో మళ్లీ తలపడి ఈసారి ఓడిపోయారు. కొన్ని నెలలకే హార్వర్డ్‌ను ఓడించారు. 2019లో ఇంగ్లండ్‌ నుంచి వచ్చిన కేంబ్రిడ్జ్‌ జట్టుపైనా నెగ్గారు.

వెతకడానికి వీల్లేని తయారీ

జైల్లో ఇంటర్నెట్‌ లేదు. ఒక పుస్తకమో వ్యాసమో కావాలంటే అధికారులకు అర్జీ పెట్టుకోవాలి. అనుమతి వచ్చి అది చేతికందేసరికి వారాలు పట్టొచ్చు. అంటే ముందు ఆలోచించి, ‘మనకు ఏ సమాచారం కావాలి, ఎందుకు కావాలి’ అని తేల్చుకున్నాకే అడగాలి. ఊరికే నాలుగు లింకులు తెరిచి చూద్దాం అంటే కుదరదు.

మన తయారీ దీనికి సరిగ్గా తలకిందులు. టాపిక్‌ ఇవ్వగానే ఫోన్‌ తీస్తాం. పది వీడియోలు చూస్తాం, ఇరవై పాయింట్లు స్క్రీన్‌షాట్‌ కొడతాం. గ్రూప్‌ డిస్కషన్‌లో కూర్చున్నాక పక్కవాడు కూడా అవే పాయింట్లు చెబుతాడు, ఎందుకంటే చూసింది అదే వీడియో కదా! నేను టెక్‌ బ్లాగ్‌ రాస్తుంటాను. కొత్త ఏఐ టూల్‌ ఏది వచ్చినా ముందు వాడి చూడటం నా పని. అయినా చెబుతున్నా, సమాచారం అందరికీ ఒకేలా దొరికే చోట సమాచారంతో ఎవరూ ముందుకు రాలేరు. ఆ సమాచారం మీద ఎంతసేపు కూర్చున్నారు, దాన్ని ఎన్ని వైపుల నుంచి చూశారు అన్నదే తేడా తెస్తుంది.

నచ్చని పక్షం చేతికొస్తే?

ఆ రోజు టాపిక్‌ చాలా సున్నితమైంది. సరైన పత్రాలు లేకుండా అమెరికాలో ఉంటున్న కుటుంబాల పిల్లలకు ప్రభుత్వ బడులు ప్రవేశం నిరాకరించవచ్చా అన్నది ప్రశ్న. నిరాకరించకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే ప్లైలర్‌ వర్సెస్‌ డో కేసులో తీర్పు చెప్పింది. జైలు జట్టుకు వచ్చిన పక్షం ‘నిరాకరించవచ్చు’. వ్యక్తిగతంగా వాళ్లకు ఏమాత్రం నచ్చని పక్షం అది.

ఇక్కడ సాధారణంగా ఎవరైనా ఏం చేస్తారు? ‘ఖర్చు పెరుగుతుంది, చట్టం చట్టమే’ అని నాలుగు మాటలు చెబుతారు. హార్వర్డ్‌ లాంటి జట్టు వాటికి జవాబులతోనే వస్తుంది. జైలు జట్టు వేరే దారి పట్టింది. ఆ పిల్లల మేలు నుంచే వాదన కట్టింది. ఈ పిల్లలు చేరే బడుల్లో చాలావాటికి నిధులు చాలవు, చదువు సరిగ్గా సాగదు, మధ్యలో మానేసేవాళ్లు ఎక్కువ. అలాంటి బడులు వాళ్లను చేర్చుకోకపోతే స్వచ్ఛంద సంస్థలు, వనరులున్న మంచి పాఠశాలలు ముందుకొచ్చి వాళ్లను చదివిస్తాయి. అది వాళ్లకు ఇంకా మేలు. స్థూలంగా ఇదీ వాదన.

దీంతో మీరు ఏకీభవించాలని లేదు. వాదించినవాళ్లే ఏకీభవించలేదు! కానీ హార్వర్డ్‌ జట్టు ‘ఆ పిల్లల భవిష్యత్తు ఏం కావాలి’ అని అడగబోయే చోట ఈ జట్టు అప్పటికే నిలబడి ఉంది. ఈ వాదనలో కొన్ని భాగాలకు హార్వర్డ్‌ నుంచి సరైన జవాబు రాలేదన్నది న్యాయనిర్ణేతల అభిప్రాయం. రెండు జట్లూ బాగా వాదించాయని కూడా వాళ్లు అన్నారు. అంటే చిన్న తేడాతో వచ్చిన గెలుపే. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం స్పష్టంగా కనిపిస్తోంది. ఎదుటివాళ్లు దేని గురించి బాధపడతారో ముందే ఆలోచించి, దానికి తమ వైపు నుంచి జవాబు సిద్ధం చేసుకున్నారు.

మన టాపిక్‌తో చేసి చూద్దాం

ఫ్రెషర్లకు సర్వీస్‌ బాండ్‌ ఉండాలా? ఉద్యోగంలో చేరేటప్పుడే ఏడాదో రెండేళ్లో మానకూడదని, మానితే ఇంత డబ్బు కట్టాలని రాయించుకునే ఒప్పందం గురించి అడుగుతున్నా. ఫైనల్‌ ఇయర్‌లో ఎవర్ని అడిగినా ‘వద్దు’ అనే అంటారు. సరే, మీకు ‘ఉండాలి’ అనే పక్షం వచ్చిందనుకోండి.

బలహీనమైన వాదన ఇలా ఉంటుంది: కంపెనీ శిక్షణకు ఖర్చు పెడుతుంది కాబట్టి దానికి నష్టం రాకూడదు. ఇందులో తప్పు లేదు. కానీ ఇది కంపెనీ బాధ. ఎదుటివాళ్లు వెంటనే ‘మరి విద్యార్థి సంగతేంటి’ అంటారు. మీ దగ్గర జవాబు ఉండదు.

బలమైన వాదన విద్యార్థి దగ్గర మొదలవుతుంది. మనిషి రెండేళ్లు ఉంటాడన్న నమ్మకం ఉంటే కంపెనీ నేర్పించడానికి సిద్ధపడుతుంది. అప్పుడే మెకానికల్‌, సివిల్‌ చదివినవాళ్లకీ, చిన్న పట్టణాల కాలేజీలవాళ్లకీ అవకాశం ఇస్తుంది. ఆ నమ్మకం లేకపోతే అన్నీ వచ్చినవాళ్లనే తీసుకుంటుంది. అంటే బాండ్‌ లేకపోతే ముందుగా తలుపులు మూసుకునేది బలహీనమైన విద్యార్థికే!

ఇప్పుడు పక్షం మార్చండి. బాండ్‌ వద్దనేవాళ్లు దీనికి ఏం చెప్పాలి? శిక్షణ నాణ్యతకు హామీ లేనప్పుడు విద్యార్థి ఒక్కడే ఎందుకు హామీ ఇవ్వాలి? ఇంట్లో సమస్య వచ్చి మానాల్సివస్తే ఆ డబ్బు ఎవరు కడతారు? మంచి జీతం, మంచి పని ఇస్తే బాండ్‌ లేకుండానే ఉండిపోతారు కదా? చూశారా, మొదటి వాదన బలంగా ఉండటం వల్లే రెండోదీ పదునెక్కింది.

హాస్టల్‌ గది చాలు

దీనికి క్లబ్‌, కోచింగ్‌, ఫీజు ఏవీ అక్కర్లేదు. నలుగురు స్నేహితులు, నాలుగు కాగితాలు, వారానికి రెండు సాయంత్రాలు ఉంటే చాలు.

పక్షం మీరు ఎంచుకోవద్దు. చీటీలు వేయండి. నచ్చని పక్షం వస్తే ఇంకా మంచిది.

ఫోన్లు పక్కన పెట్టి 15 నిమిషాలు ఆలోచించండి. ప్రపంచ యూనివర్సిటీల పోటీల్లో వాడే బ్రిటిష్‌ పార్లమెంటరీ పద్ధతిలో టాపిక్‌ ప్రకటించాక ఇచ్చే సమయం అంతే. అక్కడ ఇద్దరిద్దరు చొప్పున నాలుగు జట్లు ఉంటాయి. ఒక్కొక్కరికీ ఏడు నిమిషాలు. మీరు మూడు నిమిషాలతో మొదలుపెట్టండి.

కాగితాన్ని మధ్యలో గీత గీసి రెండు చేయండి. ముందు ఎదుటివాళ్ల బలమైన మూడు పాయింట్లు రాయండి, ఆ తర్వాతే మీవి.

ప్రతి పాయింట్‌కీ మూడు మెట్లు ఉండాలి. ఏమంటున్నాను, ఎందుకంటున్నాను, దానివల్ల ఎవరి జీవితంలో ఏం మారుతుంది? మనలో చాలామంది మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాం.

అంతా అయ్యాక ఫోన్‌ తీయండి. ఏఐ టూల్‌ను ‘నాకు పాయింట్లు ఇవ్వు’ అని అడగొద్దు. ‘నేను వదిలేసిన పాయింట్‌ ఏది’ అని అడగండి. ఒకే టూల్‌, కానీ మొదటి ప్రశ్న మీ ఆలోచనను ఆపేస్తుంది, రెండోది పెంచుతుంది.

ఇక ఇంగ్లిష్‌ భయం. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు తెలియక కాదు, ఒకేసారి రెండు పనులు చేయాల్సి రావడం వల్ల నోరు రాదు. ఆలోచించాలి, అనువదించాలి. అందుకే మొదటి రౌండ్‌ తెలుగులో వాదించండి. వాదన మనసులో కుదురుకున్నాక అదే వాదనను ఇంగ్లిష్‌లో చెప్పండి. చెప్పేది ఏంటో ముందే తెలిసినప్పుడు చిన్న చిన్న వాక్యాలైనా సరిపోతాయి. బోర్డు వాళ్లకు కావాల్సిందీ అదే.

ఒక్క జాగ్రత్త

గ్రూప్‌ డిస్కషన్‌ అంటే డిబేట్‌ కాదు. అక్కడ ఎవర్నీ ఓడించక్కర్లేదు. గట్టిగా అరిచి ఎక్కువసేపు మాట్లాడినవాళ్లకు మార్కులు పోతాయి కూడా. ఎదుటివాళ్ల పక్షాన్ని ముందే ఆలోచించి ఉంటే మాత్రం మీరు అరవాల్సిన అవసరమే రాదు. ‘తను చెప్పింది నిజమే, అయితే దానికి ఇంకో వైపు ఉంది’ అని నెమ్మదిగా అనగలుగుతారు. గదిలో ఆ మాట అన్నవాళ్ల వైపే అందరి తలలూ తిరుగుతాయి.

ఇంటర్వ్యూలోనూ ఇదే పనికొస్తుంది. ‘మిమ్మల్ని ఎందుకు తీసుకోవాలి’ అనే ప్రశ్నకు సిద్ధమయ్యేవాళ్లు చాలామంది. ‘మిమ్మల్ని ఎందుకు తీసుకోకూడదు’ అని తమను తామే అడుగుకునేవాళ్లు తక్కువ. మీ బ్యాక్‌లాగ్‌, మీ గ్యాప్‌, మీ బ్రాంచ్‌... బోర్డుకు రాబోయే సందేహాన్ని ముందు మీరే బలంగా రాసుకోండి. నిజాయతీగా జవాబు తయారుచేసుకోండి. ఆ సందేహం వాళ్ల నోట వచ్చేసరికి మీకది పాత ప్రశ్న అయిపోతుంది.

నాపనాక్‌ జైలు జట్టు ప్రతిసారీ గెలవలేదు. వెస్ట్‌ పాయింట్‌ చేతిలో ఓడాక కూడా మళ్లీ అదే గదిలో, అవే పరిమితుల మధ్య కూర్చుని తయారయ్యారు. మనకు ఆ పరిమితులు లేవు. రేపు సాయంత్రం ఖాళీయేనా? ముగ్గుర్ని పిలవండి, చీటీలు వేయండి.