అనుమానం ఉన్న ఆకు



ఎండ ముదిరినా, వాన గట్టిగా పట్టినా మన గ్రూపుల్లో గూళ్ల ధరల కంటే వేరే మెసేజ్‌లు ఎక్కువైపోతాయి. విమానం వెనుక తెల్లటి చార ఫోటో ఒకటి, దాని కింద "మందు చల్లి వానలు ఆపుతున్నారు" అని రాత. అలస్కాలో అమెరికావాళ్లు పెట్టిన యాంటెన్నాలే మన మబ్బుల్ని నడిపిస్తున్నాయని ఇంకొకటి. వాటి వెనకే ఒక వాయిస్ మెసేజ్: "వాతావరణ మార్పు అనేదే పెద్ద అబద్ధం, డబ్బు దండుకునే వ్యాపారం." చదువుకున్న కుర్రాడెవరో "మీకు బుర్ర ఉందా" అని పెడతాడు. అంతే, ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోతారు. పోయినసారి అలా వెళ్లిన వాళ్లలో ఒకాయన చాకీ పెంపకంలో చెయ్యి తిరిగిన మనిషి. ఆయన్ను మళ్లీ పిలవడానికి మేము మూడుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది.

అందుకని ఈసారి ధరలు, మందులు కాస్త పక్కన పెట్టి ఈ గొడవ గురించే రాస్తున్నాం. ఎవర్నీ ఎగతాళి చేసే ఉద్దేశం మాకు లేదు. ఆ వాదనలో ఎటువైపు నిలబడతామో దాన్నిబట్టి మన షెడ్డులో పురుగు బతకడమో చావడమో జరుగుతోంది, మా భయం అదీ.

2022 జులై చాలామందికి గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర గోదావరి 16వ తేదీన 71 అడుగులు దాటింది. మరుసటి రోజు అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కేసీఆర్ అక్కడికి వచ్చి బాధితుల్ని చూశారు. అక్కడే క్లౌడ్ బరస్ట్ మాట ఎత్తారు. వేరే దేశాల వాళ్లు కావాలని ఇలాంటివి చేస్తున్నారని చెబుతున్నారనీ, అదెంత నిజమో తెలియదనీ, ఇంతకుముందు లేహ్ వైపు, ఉత్తరాఖండ్‌లో చేశారనీ, ఇప్పుడు గోదావరి మీద కూడా చేస్తున్నట్టు సమాచారం ఉందనీ ఆయన మాటల సారాంశం. ఇక చూడండి. ప్రతిపక్షాలు నవ్వాయి. శాస్త్రవేత్తలు కాదన్నారు. ఆ వీడియో ముక్క మాత్రం ఊరూరా తిరిగింది. ముఖ్యమంత్రే అన్నాక ఇంకేం కావాలి అనుకున్నవాళ్లు మనలోనూ ఉన్నారు.

క్లౌడ్ బరస్ట్ అంటే ఏమిటో ఒకసారి చూద్దాం. గంటలో పది సెంటీమీటర్ల వాన, అదీ ఇరవై ముప్పై చదరపు కిలోమీటర్ల లోపు చిన్న జాగాలో పడటం. గోదావరి పరీవాహకం 3 లక్షల 12 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ అంతటా రోజుల తరబడి కురిసి, ఉపనదులన్నీ ఒకేసారి పొంగితేగానీ భద్రాచలంలో ఆ మట్టం రాదు. ఒక మండలం మీద మబ్బు చిల్లుపడితే గోదావరి 71 అడుగులు ఎక్కదు. చెంబుతో పోసి చెరువు నింపినట్టే అది.

దీనికి ఎదుటివైపు వాదన కూడా అంతే జోరుగా వచ్చింది. "1986లో ఇదే భద్రాచలంలో 75.6 అడుగులు వచ్చింది. అప్పుడు వాతావరణ మార్పు ఉందా? ఇదంతా మామూలే." లెక్క నిజమే. 1986 రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది. కానీ ఒక్క పంట చూసి గుడ్ల రకాన్ని తేలుస్తామా? పది పంటల సగటు చూస్తాం, ఎన్నిసార్లు దెబ్బతిన్నామో చూస్తాం. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ శాస్త్రవేత్త రాక్సీ మాథ్యూ కోల్ బృందం 2017లో చేసినది ఆ లెక్కే. 1950 నుంచి 2015 దాకా చూస్తే మధ్య భారతంలో విస్తారంగా కురిసే అతిభారీ వానలు మూడింతలు అయ్యాయి. గోదావరికి నీళ్లు వచ్చే ప్రాంతం చాలామటుకు అందులోదే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదు, పట్టుకున్నది ఎక్కడో ఒకచోట దింపుతుంది. వరదలు ముందూ ఉన్నాయి. ఇప్పుడు పెద్దవి తరచుగా వచ్చే వీలు పెరిగింది.

ఇక మనకు దగ్గరి సంగతి, బెంగళూరు. అదే ఏడాది సెప్టెంబర్ 4, 5 తేదీల మధ్య నగరంలో 131.6 మిల్లీమీటర్ల వాన పడింది. ట్రాక్టర్ల మీద ఐటీ ఉద్యోగులు ఆఫీసులకు పోయే ఫోటోలు మనందరి ఫోన్లకూ వచ్చాయి. సెంట్రల్ సిల్క్ బోర్డు ఆఫీసు పనికి వెళ్లేవాళ్లకు ఆ కూడలిలో నీళ్లు నిలవడం కొత్తేమీ కాదు. పట్టు పేరు పెట్టుకున్న కూడలి ట్రాఫిక్‌కూ మోకాలిలోతు నీళ్లకూ పేరుమోసింది, ఏం చేస్తాం. అప్పటి ముఖ్యమంత్రి బొమ్మై ఇది ఎన్నడూ చూడని వాన అన్నారు, పాత కాంగ్రెస్ ప్రభుత్వాల పాలనే ఈ గతికి కారణమనీ అన్నారు. కాంగ్రెస్ వాళ్లు మీరేం చేశారని తిరిగి అడిగారు.

ఎన్నడూ చూడని వాన కాదు. 1988 సెప్టెంబర్ 12న బెంగళూరులో ఒక్కరోజే 177.6 మిల్లీమీటర్లు పడింది. అప్పటికీ ఇప్పటికీ తేడా మబ్బుల్లో కొంత ఉంటే, నేలమీద చాలా ఉంది. బెంగళూరు గట్టు మీద కూర్చున్న ఊరు, సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. పక్కన పెద్ద నది లేదు. పడిన నీళ్లు పల్లానికి జారి, ఒక చెరువు నిండి రాజకాలువలో ఇంకో చెరువుకు పోవాలి. ఆ చెరువుల్లో ధర్మాంబుధి చెరువు మెజెస్టిక్ బస్టాండు అయింది, సంపంగి చెరువు కంఠీరవ స్టేడియం అయింది. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన టి.వి. రామచంద్ర బృందం లెక్క ప్రకారం నాలుగు దశాబ్దాల్లో నగరంలో నీటి వనరులు 79 శాతం తగ్గాయి. నీళ్లు తమ పాత దారిలోనే వచ్చాయి. దారిలో ఇళ్లూ ఆఫీసులూ ఉన్నాయి.

మాకు కనిపించినది ఒకటి చెప్పాలి. విదేశీ కుట్ర అన్నా, అంతా ప్రకృతి వైపరీత్యం అన్నా, చివరికి "వాతావరణ మార్పు, మా చేతుల్లో ఏముంది" అన్నా, మూడు మాటలూ ఒకే పని చేయగలవు. కాలువ మీద గోడ కట్టినవాడినీ, దానికి సంతకం పెట్టినవాడినీ అడగకుండా చేస్తాయి. వాతావరణ మార్పు నిజం, కానీ నిజాన్ని కూడా సాకుగా వాడుకోవచ్చు. 2024 మార్చిలో బెంగళూరు నీళ్లకు అల్లాడినప్పుడూ ఇదే చూశాం. నగరంలో దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లుంటే 6,900 ఎండిపోయాయని ఉపముఖ్యమంత్రి డి.కె. శివకుమార్ చెప్పారు, తన ఇంటి బోరు కూడా ఎండిందన్నారు. వాన తక్కువైన మాట వాస్తవం. చెరువులు పూడ్చుకున్నదీ వాస్తవమే.

అలాగని అనుమానపడే రైతును వెర్రివాడు అనే మాట మేము ఒప్పుకోం. మబ్బుల్లో మందు చల్లడం అనేది గాలికబురు కాదు కదా. కర్ణాటక ప్రభుత్వం 2003లో వరుణ పేరుతో, 2017లో వర్షధారి పేరుతో మేఘమథనం చేయించింది. వర్షధారి విమానం మన జక్కూరు విమానాశ్రయం నుంచే ఎగిరింది. ప్రభుత్వమే కోట్లు పెట్టి "వాన కురిపిస్తాం" అని ప్రకటిస్తే, "కురిపించగలిగినవాడు ఆపలేడా" అని రైతు అడగడంలో తప్పేముంది? దానికి జవాబు ఆ పద్ధతిలోనే ఉంది. మేఘమథనం మబ్బును పుట్టించలేదు, ఉన్న మబ్బును కాస్త పిండుతుంది. షోలాపూర్ దగ్గర మన శాస్త్రవేత్తలే ప్రయోగం చేస్తే, అనువైన మబ్బుల్లో, వంద చదరపు కిలోమీటర్ల మేర సుమారు 18 శాతం వాన పెరిగింది. వరద తెప్పించే సత్తా దానికి లేదు. 2017 ఆగస్టు 15 తెల్లవారుజామున బెంగళూరును ముంచిన వాన, వర్షధారి విమానం ఎగరక ముందే కురిసింది. అలస్కా యాంటెన్నాల సంగతి అంటారా, హార్ప్ పనిచేసేది నేల నుంచి ఎనభై కిలోమీటర్ల పైన ఉండే పొరల మీద. మన మబ్బులు దానికి చాలా కిందే ఉంటాయి. దేవనహళ్లి, శిడ్లఘట్ట వైపు మల్బరీ తోటల మీద కనిపించే తెల్లచార, ఇంజన్ ఆవిరి పైన చలికి గడ్డకట్టిన మంచు.

కోలారు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 2018లో బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి అక్కడి చెరువులకు పంపడం మొదలుపెట్టారు. జనం అనుమానపడ్డారు. ఆ జులైలో లక్ష్మీసాగర చెరువులో నురగ తేలింది, నీళ్లు ఆపాల్సి వచ్చింది, వ్యవహారం హైకోర్టుకు ఎక్కింది. ఆ అనుమానాన్ని కుట్ర సిద్ధాంతం అనగలమా? వాళ్లు నీటి నమూనా తీయమన్నారు, పరీక్ష చేయమన్నారు. తేడా అక్కడుంది. పక్క పొలంలో పురుగుమందు కొట్టారని తెలిస్తే మనం ఏం చేస్తాం? ఆ ఆకును ముందు పది పురుగులకు వేసి చూస్తాం. అవి తిని బాగుంటేనే మిగతా తట్టలకు వేస్తాం. ఆకును అనుమానించడం మన వృత్తిలో మంచి గుణం. పది పురుగులూ బాగున్నా "కాదు, విషమే" అని పట్టుబట్టేవాడినీ, చచ్చినా "ఏం కాదు" అని తట్టలు నింపేవాడినీ మాత్రం షెడ్డులోకి రానివ్వం.

మన వృత్తిలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1850, 60లలో ఫ్రాన్స్‌లో పెబ్రిన్ రోగం పట్టు పరిశ్రమను తుడిచిపెట్టింది. గాలి చెడిందని కొందరు, ఆకులో దోషమని కొందరు అన్నారు. 1865లో లూయీ పాశ్చర్‌ను అలెస్ అనే ఊరికి పంపారు. అప్పటికి ఆయన పట్టుపురుగును పట్టుకుని చూసిన మనిషి కాదు. మైక్రోస్కోపులో కనిపించే గింజల్లాంటి కణాలు రోగానికి కారణం కాదని మొదట ఆయనే అనుకున్నారు. తప్పు అనుకున్నారు. ప్రయోగాలు చేస్తూపోయాక మాట మార్చుకున్నారు. గుడ్లు పెట్టిన తల్లి చిలుకను నలిపి మైక్రోస్కోపు కింద చూసి, కణాలుంటే ఆ గుడ్లు పారేయడం, లేకుంటే ఉంచుకోవడం అనే పద్ధతి తేల్చారు. మనం ఈరోజు కొంటున్న రోగరహిత గుడ్లు ఆ పద్ధతి నుంచి వచ్చినవే. పేరున్న శాస్త్రవేత్త "నేను ముందు చెప్పింది తప్పు" అని ఉండకపోతే మన చేతికి ఈ గుడ్లు ఎప్పుడొచ్చేవో!

ఇక 2024 ఏప్రిల్. బెంగళూరులో ఆ నెలంతా వాన చుక్క లేదు. 28న 38.5 డిగ్రీలు. 2016 ఏప్రిల్‌లో నమోదైన 39.2 కంటే తక్కువే, కానీ మన పురుగుకు రికార్డులతో పనిలేదు. ఐదో దశలో దానికి కావలసింది 24, 25 డిగ్రీలు, 70 శాతం తేమ. బయట 38 ఉంటే రేకుల షెడ్డులో ఎంత ఉంటుందో మధ్యాహ్నం రెండింటికి లోపల నిలబడినవాళ్లకు తెలుసు. ఆ వేసవిలో మాకు ఫోన్ చేసినవాళ్లలో నాలుగో జ్వరం లేచాక పురుగులు మెత్తబడి, పాలరోగంతో పోయాయని చెప్పినవాళ్లే ఎక్కువ. కారణం అడిగితే గుడ్లు బాగాలేవన్నారు కొందరు. సెల్‌టవర్ అన్నారు. విమానాలు అన్నారు. గుడ్లలో లోపం ఉండవచ్చు, దాన్ని పరీక్షకు పంపవచ్చు. షెడ్డులో ఎన్ని డిగ్రీలు ఉందని అడిగితే మాత్రం చాలామంది దగ్గర జవాబు లేదు. థర్మామీటర్ ఉంది, గోడకు వేలాడుతోంది, చూసినవాళ్లు లేరు.

ఒక కుటుంబం సంగతి చెబుతాం, పేరు వద్దన్నారు. తండ్రి విమానాల మెసేజ్‌లు నమ్మే మనిషి, కొడుకు వాతావరణ మార్పు గురించి రోజూ వాదిస్తాడు. రెండు పంటలు వరసగా పోయాయి. వాదన గెలిచినవాళ్లు లేరు. కోడలు మాత్రం రెండు థర్మామీటర్లు కొనిపించింది, ఒకటి రేకుల కింద, ఒకటి తట్టల ఎత్తులో పెట్టింది. మధ్యాహ్నం పైది 41 చూపించింది. అప్పుడు మామయ్యే లేచి కొబ్బరాకులు కప్పించారు, రేకులకు సున్నం కొట్టించారు, కిటికీలకు తడి గోనెలు కట్టారు. ఆకు కోత తెల్లవారుజాముకు మార్చారు. తర్వాతి పంట పూర్తిగా బాగుందని చెప్పం, కానీ గూళ్లు మార్కెట్టుకు వెళ్లాయి. ఆయన ఇప్పటికీ విమానాల మెసేజ్‌లు పంపుతూనే ఉన్నారు. పంపనీండి.

గ్రూపులో గొడవ గురించి మా నిర్ణయం ఒకటే. వాతావరణం మీద ఏ మెసేజ్ అయినా పెట్టవచ్చు, కుట్ర అన్నా సరే. దానితోపాటు ఆరోజు మీ షెడ్డు రీడింగ్ కూడా పెట్టాలి: పొద్దున 6కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 9కి, తట్ట ఎత్తులో వేడి, తేమ. రీడింగ్ లేని మెసేజ్ తీసేస్తాం. చనిపోయిన పురుగులుంటే పారేయకండి. హిందూపురం వైపువాళ్లు కిరికెర పరిశోధన సంస్థకు, బెంగళూరు వైపువాళ్లు తలఘట్టపురకు తీసుకెళ్లి చూపించండి, ఫలితం ఏదైనా గ్రూపులో పెట్టండి. వచ్చే ఆదివారం నుంచి రీడింగులన్నీ ఒక పట్టికగా వేసి పంపుతాం.