కరువు సానబట్టిన రాతి అలుగు

తాడిపత్రి దాటి ఉత్తరంగా బనగానపల్లె, బేతంచెర్ల వైపు సాగితే దారిపొడవునా నాపరాళ్ల గనులే. అనంతపురం మెట్టలాగే ఇక్కడా వాన దోబూచులాడుతుంది. ఈ నేలలోనే మనిషి కనిపెట్టిన ఒక గొప్ప పనిముట్టు జీవితకథ దాగి ఉంది. చూడబోతే అది గోరంత వెడల్పున్న రాతి పలుకు, అంతే.

దాని తయారీకి గుప్పెడంత చెకుముకి రాయి చాలు. ఒక వైపు చదును చేసి, అంచున అదును చూసి కొడితే సన్నని పలుకు ఊడివస్తుంది. ఆ గాటు పక్కనే మళ్లీ కొడితే మరొకటి. అలా ఒక్క రాతి నుంచే ఎన్నో పలుకులు తీయవచ్చు. వాటిని కర్రకు వరసగా బంకతో అతికిస్తే ఈటె, కత్తి, బాణం ఏదైనా అవుతుంది. పెద్ద రాతి మొన విరిగితే కొత్తది చెక్కాలి. ఇక్కడ విరిగిన పలుకొక్కటే మారిస్తే సరిపోతుంది.

బనగానపల్లె దగ్గరి జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో పురావస్తు శాస్త్రవేత్తలు మైఖేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ల బృందం జరిపిన తవ్వకాల్లో ఈ పలుకులు 35 వేల ఏళ్ల నాటి పొరల నుంచి వరసగా బయటపడ్డాయి. అదే కాలంలో వాతావరణం పొడిబారిందనీ, జనం పెరిగారనీ, ఆ ఒత్తిడే ఈ పనిముట్టుకు పురుడు పోసిందనీ ఆ బృందం 2009లో వాదించింది. కరువు ఎరిగిన మనకు ఆ మాట కొత్తగా అనిపించదు. ఉన్నదాన్ని పొదుపుగా వాడుకోవడమే ఎండిన నేల నేర్పే మొదటి పాఠం.

మరి ఆనాటి జంతువులు ఏమయ్యాయి? 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్, ఆయన కుమారుడు హెన్రీ బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహలను తవ్వించడం మొదలుపెట్టారు. అక్కడ దొరికిన ఖడ్గమృగం ఎముకలకు 1886లో శాస్త్రవేత్త లిడెక్కర్ కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. తర్వాత ముచ్చట్ల చింతమాను గవి అనే గుహలో పురావస్తు శాస్త్రవేత్త ఎం.ఎల్.కె. మూర్తి రాతియుగపు ఎముక పనిముట్లను వెలికితీశారు.

పోలిక కోసం అమెరికాను చూద్దాం. అక్కడ సుమారు 13 వేల ఏళ్ల కిందట మనుషులు పెద్ద రాతి మొనలతో మామత్ ఏనుగులను వేటాడారు. అరిజోనాలోని నాకోలో ఒకే మామత్ అస్థిపంజరంతో పాటు ఎనిమిది మొనలు దొరికాయి. ఆ ఏనుగులు ఇక లేవు. బిల్లసర్గం కథ వేరు. 2014లో వెలువడిన అధ్యయనం అక్కడి రెండు లక్షల ఏళ్ల పొరల్లో 21 రకాల క్షీరదాలను గుర్తించింది. వాటిలో 20 భారత ఉపఖండంలో నేటికీ బతికే ఉన్నాయి. పూర్తిగా కనుమరుగైంది ఇథియోపియా గెలాడాను పోలిన కోతి ఒక్కటే. అడవి, గడ్డిమైదానం, నీటి చెలమ ఒకదానికొకటి అల్లుకుని ఉండటంతో జంతువులు ఒక చోటు ఎండితే మరో చోటికి తరలిపోగలిగాయి.

అంటే మన వేటగాడూ, అతని వేటా ఎన్నో కరువులను కలిసి దాటారు. పలుకు ఎంత పదునెక్కినా ఆ జంతువులు తప్పించుకుపోవడానికి నేల మిగిలే ఉంది. ఖడ్గమృగం ఈ సీమను విడిచిపోయినా, కృష్ణజింక అనంతపురం మెట్టచేలలో ఇంకా గంతులేస్తోంది. అది కదలడానికి ఇంత చోటు మిగల్చడం ఇప్పుడు మన చేతిలోని పని.