మంచు వేదికకు వీడ్కోలు

భారతీయ జీవన విధానంలో మన పూర్వులు మనిషి ఆయుర్దాయాన్ని నాలుగు ఆశ్రమాలుగా విభజించారు. వాటిలో మూడవది వానప్రస్థం. సంసార బాధ్యతలు తీరి, తల నెరిసిన తరువాత, అంతవరకు తనదనుకున్న దానిని మరొకరికి అప్పగించి పక్కకు తప్పుకొనే దశ అది. కాని ఇరవై అయిదేళ్లు నిండకముందే అటువంటి ఘట్టాన్ని ఎదుర్కోవలసి వచ్చేవారు లోకంలో కొందరున్నారు. వారే క్రీడాకారులు. వారిలోనూ మంచు వేదికపై విన్యాసాలు చేసే ఫిగర్ స్కేటర్లకు ఈ ఘట్టం మరీ త్వరగా వస్తుంది. నాలుగేళ్లకొకసారి శీతాకాల ఒలింపిక్స్ సమీపించగానే, ‘ఈసారి ఎవరు గెలుస్తారు?’ అన్న ప్రశ్నతో పాటు ‘దీని తరువాత ఎవరు సెలవు తీసుకుంటారు?’ అన్న ప్రశ్న కూడా ఆ క్రీడాభిమానులను కలవరపెడుతుంది.

ఫిగర్ స్కేటింగ్ క్రీడా, కళా కలగలిసిన విద్య. బూట్ల అడుగున బిగించిన ఉక్కు పలకపై నిలబడి, గట్టిగా పేరుకొన్న మంచుపై సంగీతానికి అనుగుణంగా జారుతూ, తిరుగుతూ, ఎగురుతూ చేసే ప్రదర్శన ఇది. ఆ పలక వెడల్పు సుమారు 4 మిల్లీమీటర్లు మాత్రమే. కూచిపూడి తరంగంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచులపై పాదాలు నిలిపి, తాళం తప్పకుండా ఆడటం తెలుగువారికి పరిచయమే. లయ, సమతౌల్యం, ముఖంలో శ్రమ కనిపించని ప్రసన్నత అక్కడ ఎంత అవసరమో ఇక్కడా అంతే అవసరం. ఈ క్రీడ 1908 లండన్ ఒలింపిక్స్‌లోనే చోటు సంపాదించింది. 1924లో ఫ్రాన్సులోని షామొనీలో జరిగిన మొదటి శీతాకాల ఒలింపిక్స్ నుండి వాటిలో విడదీయరాని భాగమైంది. పురుషులకు, స్త్రీలకు వేరువేరుగాను, జంటలకు కలిపియు పోటీలు జరుగుతాయి. ఒంటరిగా పోటీ చేసేవారు 2 నిమిషాల 40 సెకన్ల చిన్న ప్రదర్శన ఒకటి, సుమారు 4 నిమిషాల పెద్ద ప్రదర్శన ఒకటి ఇవ్వాలి. అనగా పదిహేనేళ్ల సాధనకు ఫలితం ఏడు నిమిషాలలోపే తేలిపోతుంది.

ఈ విద్యలో యౌవనానికి ఇంత ప్రాధాన్యం ఎందుకు? స్కేటరు గాలిలోకి ఎగిరి మూడు లేక నాలుగు చుట్లు తిరిగి, ఒంటి కాలిపై మంచు మీద దిగాలి. గాలిలో ఉండే కాలం ఒక్క సెకను కూడా కాదు. ఆ కొద్ది వ్యవధిలో చేతులను శరీరానికి దగ్గరగా ముడిచినప్పుడే భ్రమణ వేగం పెరుగుతుంది. దిగేటప్పుడు శరీరభారానికి అనేక రెట్ల ఒత్తిడి ఆ ఒక్క కాలిపై పడుతుంది. ఇటువంటి గెంతులను రోజూ పదుల సంఖ్యలో సాధన చేయాలి. చీలమండ, మోకాలు, తుంటి, నడుము క్రమంగా అరిగిపోతాయి. దేహం ఎదిగే వయసులో ఎత్తు, బరువు కొద్దిగా మారినా నేర్చిన విద్యను మళ్లీ మొదటి నుండి సరిచూసుకోవలసి వస్తుంది. అనుభవం పెరిగి కళ పండే నాటికి దేహబలం తగ్గనారంభించడం ఈ క్రీడలోని విషాదం.

ఒలింపిక్స్ నాలుగేళ్లకొకసారి రావడం ఈ సమస్యను మరింత జటిలం చేస్తుంది. ఇతర పోటీలలో ఓడినవారు ‘వచ్చే ఏడాది చూద్దాం’ అనుకోవచ్చు. ఇక్కడ ఆ అవకాశం లేదు. ఇరవై రెండేళ్ల వయసులో పతకం చేజారితే మరలా ఇరవై ఆరవ ఏట వరకు వేచి ఉండాలి. ఒక దేశానికి ఒక్కో విభాగంలో గరిష్ఠంగా మూడు స్థానాలే లభిస్తాయి. జపాను వంటి దేశంలో ఆ మూడు స్థానాలకు ఎందరో సమర్థులు పోటీపడతారు. నాలుగేళ్ల శిక్షణకు అయ్యే వ్యయం, పాత గాయాలు, వెనుక నుండి తరుముకొచ్చే కొత్త తరం, ఆగిపోయిన చదువు ఇవన్నీ లెక్కవేసుకొని స్కేటరు నిర్ణయం తీసుకోవాలి. అందుకే ఒలింపిక్ సంవత్సరం వారి జీవితంలో ఒక గడప వంటిది.

కొందరు ఈ గడపను మరీ చిన్న వయసులో దాటారు. అమెరికాకు చెందిన తారా లిపిన్‌స్కీ 1998లో నగానో ఒలింపిక్స్‌లో 15వ ఏట స్వర్ణ పతకం గెలిచి, ఆ సంవత్సరమే పోటీలకు స్వస్తి చెప్పింది. బాల్యం దాటీ దాటకముందే అత్యున్నత శిఖరం ఎక్కి దిగిపోయే ఈ పరిస్థితి పిల్లల ఆరోగ్యానికి మేలు చేయదని విమర్శలు రాగా, అంతర్జాతీయ స్కేటింగ్ సమాఖ్య 2022లో పెద్దల పోటీలకు కనీస వయసును 15 నుండి దశలవారీగా 17కు పెంచింది.

ముందుగా నిర్ణయించుకొని, ఆ నిర్ణయానికి కట్టుబడినవారిలో దక్షిణ కొరియా క్రీడాకారిణి యునా కిమ్ ప్రముఖురాలు. ఆమె 2010లో వాంకూవర్‌లో 228.56 పాయింట్లతో అప్పటి ప్రపంచ రికార్డు నెలకొల్పి స్వర్ణం సాధించింది. పొందవలసినది పొందిన తరువాత ఇంకా ఎందుకు శ్రమించాలన్న ప్రశ్న ఆమెను వేధించింది. కొంతకాలం పోటీలకు దూరంగా ఉండి, 2014 సోచీ ఒలింపిక్సే తన చివరి మజిలీ అని 2012లో ప్రకటించింది. సోచీలో ఆమెకు రజతం దక్కింది. ఆ తీర్పుపై చర్చ చాలాకాలం సాగినా, ఆమె నిర్ణయంలో మార్పు లేదు. 2018లో తన స్వదేశంలోని ప్యోంగ్‌చాంగ్‌లో ఒలింపిక్ జ్యోతిని వెలిగించే గౌరవం ఆమెకే లభించింది.

గెలిచినవారి వీడ్కోలు సులభంగానే అర్థమవుతుంది. కోరిన పతకం దక్కనివారి వీడ్కోలు సంగతి ఏమిటి? జపాను స్కేటరు మావో అసాదా జీవితం ఇందుకు సమాధానం చెబుతుంది. 1990 సెప్టెంబరులో జన్మించిన ఆమెకు 2006 ఒలింపిక్స్‌కు నిర్ణయించిన కనీస వయసు నిండటానికి మూడు నెలలు కూడా తక్కువ కాలేదు. 87 రోజుల తేడాతో ఆ అవకాశం చేజారింది. గాలిలో మూడున్నర చుట్లు తిరిగే ‘ట్రిపుల్ ఆక్సెల్’ స్త్రీలలో అతి కొద్దిమందికి మాత్రమే సాధ్యమైన విన్యాసం. 2010 వాంకూవర్‌లో ఒకే పోటీలో దానిని మూడుసార్లు చేసి కూడా ఆమె రజతంతో సరిపెట్టుకోవలసి వచ్చింది.

2014 సోచీలో మొదటి రోజు ఆమె పడిపోయింది. తప్పు వెంట తప్పు దొర్లి 16వ స్థానానికి దిగజారింది. పతకంపై ఆశ అక్కడితో ముగిసినట్లే. మరునాడు ఆమె పోటీపడవలసింది ఇతరులతో కాదు, కేవలం తనతోనే. ఆనాడు ట్రిపుల్ ఆక్సెల్‌తో ప్రారంభించి, ఎక్కడా తొణకక బెణకక ప్రదర్శన పూర్తి చేసింది. సంగీతం ఆగగానే ఆకాశం వైపు చూసి కన్నీరు పెట్టుకుంది. ఆ ప్రదర్శనకు లభించిన 142.71 పాయింట్లు అప్పటికి ఆమె జీవితంలోనే అత్యధికం. మొత్తం మీద ఆమెకు దక్కినది ఆరవ స్థానం. అయినను ఆ పోటీలో పతకాలు ఎవరికి వచ్చాయో మరచిన వారికి సైతం మావో అసాదా చేసిన ఆ నాలుగు నిమిషాల ప్రదర్శన గుర్తుంటుంది. ఒక సంవత్సరం విరామం తరువాత ఆమె తిరిగి వచ్చింది గాని, దేహం మునుపటివలె సహకరించలేదు. 2016 డిసెంబరులో జాతీయ పోటీలలో 12వ స్థానంలో నిలిచింది. 2017 ఏప్రిల్‌లో, 26వ ఏట, విరమణ ప్రకటించింది. అనంతరం దేశమంతటా మంచు ప్రదర్శనలిచ్చి, టోక్యో మహానగర పరిధిలోని తాచికావాలో 2024లో తన పేరిట ఒక స్కేటింగ్ ప్రాంగణం ప్రారంభించింది. తాను విడిచిన వేదికను రాబోయే తరానికి అందించడం కంటె సార్థకమైన వీడ్కోలు ఏముంటుంది?

అదే దేశానికి చెందిన యుజురు హన్యూ కథ మరొక విధమైనది. 2011 మార్చి 11న ఈశాన్య జపానును భూకంపం కుదిపివేసినప్పుడు, పదహారేళ్ల హన్యూ సెందాయ్ నగరంలోని స్కేటింగ్ ప్రాంగణంలో సాధన చేస్తున్నాడు. కాళ్లకు ఉన్న స్కేట్లతోనే బయటికి పరుగెత్తి ప్రాణం దక్కించుకున్నాడు. ప్రాంగణం మూతపడింది. వివిధ నగరాల ప్రదర్శనలలో పాల్గొంటూ, ఆ వేదికలనే అభ్యాస స్థలాలుగా మలచుకున్నాడు. మూడేళ్లు తిరగకముందే 2014 సోచీలో స్వర్ణం గెలిచాడు. 2017 నవంబరులో చీలమండకు తీవ్రమైన గాయమై మూడు నెలలు పోటీలకు దూరమైనా, 2018 ప్యోంగ్‌చాంగ్‌లో మరల స్వర్ణం సాధించాడు. పురుషుల విభాగంలో వరుసగా రెండు స్వర్ణాలు గెలవడం 1952లో డిక్ బటన్ తరువాత అదే ప్రథమం.

అక్కడితో ఆగిపోయి ఉంటే అతని కీర్తికి లోటు ఉండేది కాదు. కాని అంతవరకు పోటీలలో ఎవరికీ సాధ్యపడని నాలుగున్నర చుట్ల ఆక్సెల్‌ను సాధించాలన్న తపన అతనిని విడువలేదు. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో దానికి ప్రయత్నించి పడిపోయాడు. పోటీలో నాలుగవ స్థానమే దక్కింది. అయినా ఆ విన్యాసం ఆ పేరుతో అంతర్జాతీయ పోటీలలో నమోదు కావడం అదే మొదటిసారి. ఆ ఏడాది జులైలో పోటీలకు వీడ్కోలు పలికి, వృత్తి కళాకారునిగా కొనసాగుతానని ప్రకటించాడు. మరి రెండు నెలలకే, సెప్టెంబరులో, ఇలియా మాలినిన్ అనే పదిహేడేళ్ల అమెరికన్ యువకుడు అదే విన్యాసాన్ని ఒక పోటీలో విజయవంతంగా పూర్తి చేశాడు. ఒకరు పడిన చోటు నుండి మరొకరు లేచారు. విద్య ముందుకు సాగే తీరు ఇదే.

వెళ్లిపోయినవారు తిరిగి రాకూడదన్న నియమమేదీ లేదు. చైనా జంట షెన్ షుయే, జావో హోంగ్‌బో 2002, 2006 ఒలింపిక్స్‌లలో కాంస్యాలు గెలిచి, కొంతకాలం పోటీలకు దూరమై, దంపతులుగా తిరిగి వచ్చి 2010లో స్వర్ణం సాధించారు. అప్పటికి ఆమెకు 31 ఏళ్లు, ఆయనకు 36 ఏళ్లు. అమెరికాకు చెందిన అలీసా లియు 2022లో పదహారవ ఏటనే ఆట విడిచిపెట్టింది. రెండేళ్ల పాటు సాధారణ విద్యార్థినివలె జీవించి, 2024లో తన ఇష్టంతో తిరిగి వచ్చి, 2025 మార్చిలో బోస్టన్‌లో ప్రపంచ విజేతగా నిలిచింది. విడిచి ఉన్న కాలం కొందరికి నష్టం కాదు. తమకు ఆ విద్యపై ఉన్నది అలవాటా, అనురాగమా అని తేల్చుకొనే అవకాశం.

మరికొందరు ముందుగానే తేదీ చెప్పి సెలవు కోరుతారు. 2022 నుండి 2024 వరకు వరుసగా మూడుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన జపాను క్రీడాకారిణి కవోరి సకమొతో, 2025–26 సీజనే తనకు చివరిదని 2025 జూన్‌లో ప్రకటించింది. ఇటువంటి ప్రకటన వలన ప్రతి పోటీకి ఒక ప్రత్యేకమైన విలువ వస్తుంది. ప్రేక్షకులు ఆమె పాయింట్లను లెక్కించడం మాని, ఆమె ఆటను చూడటం ప్రారంభిస్తారు.

ఆట ముగిసిన తరువాత జీవితం ముగిసిపోదు. అయితే నాలుగైదేళ్ల వయసు నుండి ప్రతి ఉదయం ఒకే లక్ష్యంతో నిద్ర లేచినవారికి, ఆ లక్ష్యం లేని మొదటి ఉదయం దుర్భరంగా ఉండటం సహజం. శిక్షకులుగా, నృత్య దర్శకులుగా, వ్యాఖ్యాతలుగా మారి కొందరు ఆ శూన్యాన్ని పూరించుకుంటారు. 2022 బీజింగ్ స్వర్ణ విజేత నాథన్ చెన్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి తిరిగి వెళ్లి, గణాంక శాస్త్రంలో తన పట్టభద్ర విద్య పూర్తి చేసుకున్నాడు. ఆటతో పాటు చదువును విడువకపోవడం వలన అతనికి రెండవ ద్వారం తెరిచే ఉంది.

పట్టుదల గొప్ప గుణమని అందరూ చెబుతారు. ఎక్కడ నిలపాలో తెలిసిన వివేకం కూడా అంతే గొప్పది. ఓటమికి భయపడి వెనుదిరగడం వేరు. చేయగలిగినదంతా చేసి, స్థానాన్ని మరొకరికి వదిలిపెట్టడం వేరు. మొదటిది పలాయనం, రెండవది పరిపూర్ణత. పతకం గెలిచిన యునా కిమ్ అయినా, ఆరవ స్థానంలో నిలిచిన మావో అసాదా అయినా, నాలుగవ స్థానంతో వెనుదిరిగిన యుజురు హన్యూ అయినా లోకం హృదయంలో నిలిచింది ఈ రెండవ కారణం చేతనే. మంచుపై వారు గీసిన గీతలు మరుసటి ప్రదర్శనకు ముందే చెరిగిపోతాయి. వారి సాధన మిగిల్చిన స్ఫూర్తి మాత్రం చెరిగిపోదు.

కఠిన పదాలకు అర్థాలు

సమతౌల్యం : తూకం తప్పని నిలకడ
భ్రమణం : తన చుట్టూ తాను తిరగడం
జటిలం : చిక్కుతో కూడినది
మజిలీ : ప్రయాణంలో ఆగే చోటు
తొణకక బెణకక : ఏ మాత్రం చలించకుండా
పలాయనం : పారిపోవడం

ప్రశ్నలు

1. ఫిగర్ స్కేటర్లు చిన్న వయసులోనే విరమించుకోవడానికి గల కారణాలను వివరించండి.
2. సోచీ ఒలింపిక్స్‌లో మావో అసాదా ప్రదర్శనలోని విశిష్టతను తెలపండి.
3. ‘ఒకరు పడిన చోటు నుండి మరొకరు లేచారు’ – ఈ వాక్యాన్ని సందర్భ సహితంగా వ్యాఖ్యానించండి.
4. పలాయనానికి, పరిపూర్ణతకు గల భేదాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.