బాధ ఉంది, చెప్పే మాట లేదు

పోస్ట్‌మోడర్న్ ఆలోచన అనగానే మన సభల్లో వినిపించేది ఒకటే. అది సత్యమే లేదనే లోకజ్ఞానం, విశ్వాసులు దానికి దూరంగా ఉండాలి. ఈ హెచ్చరిక పూర్తిగా తప్పు కాదు. అయితే ఆ ఆలోచనాపరులు గట్టిగా పట్టుకున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. ఎవరు మాట్లాడగలరు? ఎవరి మాట చెల్లుతుంది? బలహీనుడు నోరు తెరిస్తే వినేవారి చేతిలో ఏముంటుంది?

ఫ్రాన్సు తత్వవేత్త లియోటార్ 1983లో రాసిన ఒక పుస్తకంలో ఫిర్యాదికీ బాధితుడికీ తేడా చూపించాడు. నష్టపోయినవాడు ఆ నష్టాన్ని న్యాయస్థానం భాషలో రుజువు చేయగలిగితే అతడు ఫిర్యాది. ఆ భాషలో అతని నష్టానికి మాటే లేకపోతే అతడు బాధితుడు. నాజీల గ్యాస్ గదుల్లో ఏం జరిగిందో పూర్తిగా చూసినవారు చనిపోయినవారే. వారు వచ్చి సాక్ష్యం చెప్పాలని పట్టుబట్టేవాడికి ఏ రుజువూ చాలదు.

మనకు ఇంత దూరం వెళ్లే పని లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ మతం కాక వేరే మతం అవలంబించేవారు షెడ్యూల్డ్ కులాల కిందికి రారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. మన తెలుగు రాష్ట్రాల్లో క్రైస్తవులైన దళితులను బీసీ-సీలో చేర్చి, 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. కులం పేరుతో తనను దూషించి కొట్టారని ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవుడైనవాడికి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పింది. తిట్టేవాడు బాప్తిస్మం పత్రం చూసి తిట్టడు. ఊరికి అతడు మాలో మాదిగో. చట్టానికి అతడు క్రైస్తవుడు. తిట్టు తగిలింది ఒక పేరుకు, కోర్టు మెట్లెక్కింది మరో పేరు. లియోటార్ చెప్పిన బాధితుడు ఇతడే.

ఇక్కడ ప్రభుత్వాన్ని తప్పుపట్టి ఊరుకోవడం సులువు. అదే బాధ సంఘంలో చెప్పుకుంటే ఏమవుతుంది? పెళ్లి సంబంధాల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర, సమాధుల తోటలో స్థలం దగ్గర కులం చూశారని ఒకడు లేచి అంటే, క్రీస్తులో కులం లేదు తమ్ముడూ అని జవాబు వస్తుంది. అది సత్యవాక్యమే. కానీ ఆ సమయంలో అది నోరు మూయించే వాక్యం అవుతుంది. కులం లేదన్న తరువాత కుల అవమానం గురించి ఏ భాషలో మాట్లాడాలి? మాట్లాడినవాడికే సంఘంలో చీలిక తెచ్చాడన్న పేరు వస్తుంది.

మిషెల్ ఫూకో 1978లో చేసిన ప్రసంగాల్లో దీనికి మరో వైపు చూపించాడు. రాజు అధికారం నేల మీద, కాపరి అధికారం మంద మీద. అదీ ఒక్కొక్క గొర్రె మీద. కాబట్టి ప్రతి ఒక్కరి లోపల ఏముందో కాపరికి తెలియాలి. పాపపు ఒప్పుకోలు అలా ఒక పద్ధతిగా ఎదిగిందని అతని వాదన. మనలో చాలా సంఘాల్లో ఆ పద్ధతి లేదు గానీ ప్రార్థన మనవి ఉంది. భర్త తాగి కొడుతున్నాడని ఒక సహోదరి పాస్టరమ్మగారితో చెప్పుకుంటుంది. ఆదివారం నాటికి అది ఫలానా కుటుంబంలో సమాధానం కొరకు అనే మనవిగా వేదిక మీదికి వస్తుంది, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. చెప్పినామె ఇంటికి వెళ్లి ఆ భర్త ముందే నిలబడాలి. దురుద్దేశం ఎవరికీ లేదు. ఆమె మాట ఎంతవరకు వెళ్లాలో నిర్ణయించే అధికారం మాత్రం ఆమె చేతిలో లేదు. కాపరి అప్పులు, సందేహాలు ఎవరికీ తెలియవు. విశ్వాసి గుట్టు అందరికీ తెలుసు. మంచి కాపరి గొర్రెల కోసం ప్రాణమైనా పెట్టాలన్న సంగతిని ఫూకో విడిచిపెట్టలేదు. తమ్మును తామే మేపుకున్న కాపరులను యెహెజ్కేలు గద్దించిన తీరు చూస్తే, ఈ అనుమానం ఫూకోతో మొదలైనది కాదని తెలుస్తుంది.

సంఖ్యాకాండము 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు ప్రత్యక్షపు గుడారము ద్వారమునొద్ద మోషే, ఎలియాజరు, ప్రధానులు, సర్వసమాజము ఎదుట నిలబడ్డారు. కొడుకులు లేని తండ్రి స్వాస్థ్యం కుమార్తెలకు వచ్చే నియమం అప్పటికి లేదు. వారి నష్టానికి ధర్మశాస్త్రంలో మాట లేదు. మోషే నియమం చూపించి వారిని పంపివేయలేదు. తనకు జవాబు తెలిసినట్టూ మాట్లాడలేదు. వారి సంగతిని దేవుని సన్నిధికి తీసుకువెళ్లాడు. వారు చెప్పింది యుక్తమని దేవుడు అన్నాడు, నియమం మారింది.

కథ అక్కడితో అయిపోలేదు. 36వ అధ్యాయంలో వారి గోత్రపు పెద్దలు వచ్చి, వీరు వేరే గోత్రంలోకి పెళ్లి చేసుకుంటే భూమి పోతుందన్నారు. సొంత గోత్రంలోనే చేసుకోవాలన్న కట్టడి వచ్చింది. ఆ రోజు ఆ ఐదుగురు ఏమన్నారో ఆ అధ్యాయంలో రాసిలేదు. మోషే చనిపోయాక, కనానులో భూమి పంచేటప్పుడు, వారు ఎలియాజరు దగ్గరికీ యెహోషువ దగ్గరికీ మళ్లీ వెళ్లి, ఇస్తామన్న స్వాస్థ్యాన్ని అడిగి తీసుకున్నారు.