పాడెకు ఇంగ్లీషులో ఉన్న పాత పేరు

నాయీను ఊరి గవిని దగ్గర రెండు గుంపులు ఎదురుపడిన సంగతి లూకా సువార్త 7వ అధ్యాయంలో ఉంది. ఊళ్లోకి వెళ్తున్న గుంపులో యేసుప్రభువు ఉన్నాడు. ఊళ్లోంచి వస్తున్న గుంపు ఒక విధవరాలి ఒక్కగానొక్క కొడుకు శవాన్ని మోసుకొస్తోంది. ప్రభువు ఆ తల్లిని చూసి కనికరపడ్డాడు, ఏడవవద్దన్నాడు, దగ్గరికి వెళ్లి పాడెను ముట్టుకున్నాడు. మోసేవాళ్లు అక్కడే ఆగిపోయారు. మన తెలుగు బైబిల్లో ‘పాడె’ అన్నచోట 1611 నాటి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్లో ‘బియర్’ అని ఉంటుంది.

ఈ కాలంలో ఇంగ్లీషువాళ్లే ఈ మాట పెద్దగా వాడరు. మన పిల్లలకు చదివి వినిపిస్తే ముసిముసిగా నవ్వుతారు. పలికితే అచ్చం ఆ మద్యం పేరులాగే వినబడుతుంది మరి! 14వ శతాబ్దపు విక్లిఫ్ బైబిల్లోనైతే అక్షరాలు కూడా దాదాపు అలాగే ఉంటాయి. కానీ ఆ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు. దీని చుట్టాలు వేరే ఉన్నారు. వాళ్లలో కొందరు మన ఇంట్లోనే ఉన్నారు.

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ‘బెరన్’ అంటే మోయడం. దేనిమీద పెట్టి మోస్తారో అది ‘బేర్’. శవాన్నే మోయాలని మొదట్లో ఏమీ లేదు. రోగిని మోసే మంచమైనా, రాళ్లు మోసే చట్రమైనా ఆ కుటుంబానికి చెందిన మాటలతోనే పిలిచేవారు. మట్టి తోసే చక్రాల బండిని ఇంగ్లీషులో ‘బ్యారో’ అనేది అందుకే. జర్మన్లు నేటికీ పాడెనూ స్ట్రెచర్‌నూ ఒకే మాటతో ‘బారె’ అంటారు. 1600 ప్రాంతంలో ఫ్రెంచి మాట ప్రభావంతో ఇంగ్లీషు మాట రాతలో మార్పు వచ్చింది, పలుకుబడిలో పాత అర్థం మరుగున పడింది. ‘మోయడం’ అనే క్రియ దానిలో దాగి ఉందని ఇప్పుడు చూడగానే తెలియదు.

1786లో కలకత్తాలో విలియం జోన్స్ అనే న్యాయమూర్తి సంస్కృతానికీ గ్రీకు లాటిన్ భాషలకూ ఒకే మూలం ఉండాలని చెప్పిన సంగతి చాలామంది చదివే ఉంటారు. సంస్కృతంలో ‘భ’ ఉన్న చోట గ్రీకులో ‘ఫ’, ఇంగ్లీషులో ‘బ’ వస్తుంది. ‘భ్రాత’ అక్కడ ‘బ్రదర్’ అయినట్టే. ఆ లెక్కన ఇంగ్లీషు ‘బెరన్’కు సంస్కృతంలో తోబుట్టువు ‘భృ’ ధాతువు. దాని నుంచే భారం, భరించడం వచ్చాయి. కుటుంబాన్ని భరించేవాడు గనుక భర్త. పోషణ పొందుతూ పనిచేసేవాడు భృత్యుడు. ఇంగ్లీషులో ‘బర్డెన్’ ఇదే వేరు. విచిత్రం ఏమంటే పుట్టుకకు వాళ్లు వాడే ‘బర్త్’ కూడా ఇదే. తల్లి కడుపులో మోసినదీ, చివరికి నలుగురు భుజాల మీద మోసేదీ ఒకే క్రియతో చెప్పుకున్నారు ఆ పూర్వీకులు.

మన తెలుగు మాత్రం ఆ కుటుంబంలోది కాదు. ఆ విషయం 1816లో మద్రాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ దొర ఆధారాలతో చూపించాడు. భారం మనకు సంస్కృతం నుంచి వచ్చింది. పాడె మన సొంతం. తమిళులు కూడా ‘పాడై’ అంటారు.

ఇంగ్లండు గ్రామాల్లో ఒకప్పుడు బియర్ గుడి సొత్తు. ఊరందరికీ కలిపి ఒక్కటే ఉండేది. చాలా చోట్ల పేదలకు సొంత పెట్టె చేయించుకునే స్తోమత లేదు. శవాన్ని గుడ్డలో చుట్టి, ఊరి ఉమ్మడి పెట్టెలోనో ఉత్త బియర్ మీదనో గుంట దాకా మోసుకెళ్లి, దించి, ఖాళీ పెట్టెను మళ్లీ గుడిలో పెట్టేసేవారు. చుట్టే గుడ్డ ఉన్నిదే అయి ఉండాలని 1660లలో, 1670లలో పార్లమెంటు చట్టాలు కూడా చేసింది. చనిపోయినవారి మీద భక్తితో కాదు లెండి, ఉన్ని వ్యాపారం నిలబడటానికి! 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం ప్రకారం పాదిరి గుడి ఆవరణ ప్రవేశం దగ్గరికి ఎదురు వెళ్లి శవాన్ని కలుసుకోవాలి. ఆయన వచ్చేదాకా బియర్ దించి ఉంచడానికి కట్టిన కప్పున్న ద్వారాన్ని ‘లిచ్ గేట్’ అంటారు. ‘లిచ్’ అంటే పాత ఇంగ్లీషులో శరీరం. ఉమ్మడి పాడె ఉంచుకునే పద్ధతి మనకు కొత్తేమీ కాదు. మన హైదరాబాదు మసీదుల్లో జనాజా మోయడానికి ఈనాటికీ అలాంటిదే ఉంటుంది. ఉన్నవాడికీ లేనివాడికీ అదే.

అంత్యక్రియల బండిని ఇంగ్లీషులో ‘హర్స్’ అంటారు. ఆ మాట ఇంకా దూరం నుంచి నడిచి వచ్చింది. లాటిన్‌లో ‘హిర్పెక్స్’ అంటే దుక్కి దున్నాక పెళ్లలు చితక్కొట్టే పళ్ల గొర్రు. ఇటలీలో ఒక పాత భాషలో ‘హిర్పుస్’ అంటే తోడేలు. ఆ కోరల పోలికతోనే గొర్రుకు ఆ పేరు వచ్చిందంటారు. ఫ్రెంచిలోకి వెళ్లాక ఆ మాట కొవ్వొత్తులు గుచ్చే త్రికోణపు చట్రానికి పేరైంది. పళ్లు పైకి ఉన్న గొర్రులాగే ఉంటుంది అది. ఆ తర్వాత బియర్ మీద, సమాధి మీద నిలిపే చట్రానికీ అదే పేరు పెట్టారు. 1439లో చనిపోయిన రిచర్డ్ బీచంప్ ప్రభువు సమాధి మీద, వార్విక్ పట్టణంలో, అలాంటి లోహపు చట్రం ఇప్పటికీ ఉంది. 17వ శతాబ్దానికి ఆ పేరు గుర్రపుబండికీ, ఆ తర్వాత మోటారుకారుకూ దక్కింది. మోటారు వచ్చాక మోసేవాళ్ల అవసరం చాలావరకు పోయింది.

బియర్‌ను, పెట్టెను జనం చూసేలా నిలబెట్టే ఎత్తైన వేదికకు వేరే పేరుంది, ‘కటఫాల్క్’. ఇటాలియన్ మాట. 1865లో అబ్రహాం లింకన్ హత్యకు గురైనప్పుడు మామూలు చెక్క పలకలతో హడావిడిగా ఒకటి కొట్టి, నల్లగుడ్డ కప్పి, వాషింగ్టన్ క్యాపిటల్ భవనంలో పెట్టారు. ఆ కర్ర వేదికనే కెన్నెడీకి 1963లో, జిమ్మీ కార్టర్‌కు 2025 జనవరిలో కూడా వాడారు. అంత పెద్ద దేశం అధ్యక్షుల శరీరాలను తీసిపెట్టింది ఆ పాత పలకల మీదే.

ఇటువంటి వేదికలు చూడటానికి మధురానగర్ వాళ్లం వాషింగ్టన్ దాకా వెళ్లనక్కరలేదు. మనకు కూతవేటు దూరంలో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఉన్నాయి. 2014 జనవరిలో అక్కినేని నాగేశ్వరరావు గారి అంత్యక్రియలు ఆయన కట్టిన అన్నపూర్ణ స్టూడియోలోనే జరిగాయి. 2022 నవంబరులో నటుడు కృష్ణ గారి భౌతికకాయాన్ని అభిమానుల కోసం పద్మాలయ స్టూడియోలో ఉంచారు. అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్ వైపున్న మహాప్రస్థానం శ్మశానవాటికకు తీసుకెళ్లారు. ఎంత వెలుగు వెలిగినవారికైనా అద్దాల పెట్టె, పూలతో కప్పిన వాహనం, చివర్లో కొన్ని అడుగుల దూరం మాత్రం భుజాలు. ఆ కొన్ని అడుగుల గురించే మర్నాడు పేపర్లు రాస్తాయి. 2024 జూన్‌లో రామోజీరావు గారి పాడెను చంద్రబాబునాయుడు గారు మోశారన్నది పెద్ద వార్త అయింది. మోయడం అనే పనికి మనవాళ్ల దృష్టిలో ఇంకా అంత విలువ ఉంది. వేదిక ఎత్తు ఎవరికీ గుర్తుండదు గానీ ఎవరు భుజం పట్టారో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. సినిమావాళ్లకు ఇది బాగా తెలుసు. 2004లో రాజేంద్రప్రసాద్ నటించిన ‘ఆ నలుగురు’ సినిమాకు పేరే అక్కడి నుంచి వచ్చింది. ఆ ఏడాది ఉత్తమ చిత్రంగా బంగారు నంది కూడా అందుకుంది.

మళ్లీ నాయీనుకు వద్దాం. లూకా గ్రీకులో రాసిన మాట ‘సోరోస్’. అస్థికలు ఉంచే పాత్రకు, శవపేటికకు, పాడెకు కూడా ఆ మాట చెల్లుతుంది. అందుకే 1611 బైబిలు అంచులో పేటిక అన్న అర్థాన్ని కూడా సూచించారు. అబ్నేరు చనిపోయినప్పుడు దావీదు రాజు పాడె వెంట నడిచాడని 2 సమూయేలు 3వ అధ్యాయంలో చదువుతాం. అక్కడి హెబ్రీ మాట ‘మిట్టా’. అంటే మామూలు పడక మంచమే. యూదుల పాడె మూసిన పెట్టె కాదు, పడుకున్న మనిషి పైకి కనబడేది. ఆ పిల్లవాడు లేచి కూర్చున్నాడన్న మాట అప్పుడే సులువుగా అర్థమవుతుంది.

ధర్మశాస్త్రం సంగతి కూడా ఇక్కడ ఉంది. శవాన్ని ముట్టినవాడు 7 రోజులు అపవిత్రుడని సంఖ్యాకాండము 19వ అధ్యాయం చెబుతుంది. పాడె మోసిన ఆ ఊరివాళ్లు ఒక విధవరాలి కోసం ఆ ఏడు రోజులు వదులుకోవడానికి సిద్ధపడే వచ్చారు. వాళ్ల గురించి మన ప్రసంగాల్లో ఎవరం ఒక్క మాటా చెప్పం. ప్రభువు చేయి వేసింది కూడా వాళ్లు మోస్తున్న దానిమీదే.

‘భారం’ మాటకు గ్రీకులో చుట్టం ‘ఫోర్తియోన్’. ‘ఫెరో’ అనే క్రియ నుంచి వచ్చింది. ప్రయాసపడేవారిని పిలిచి తన భారం తేలికైనదని ప్రభువు చెప్పిన చోట మత్తయి ఈ మాటే రాశాడు. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పౌలు ఒకరి భారాలు ఒకరు మోయమని చెప్పి, మూడు వచనాల తర్వాత ఎవరి బరువు వారే మోసుకోవాలంటాడు. చదివేవారికి చిక్కుగా ఉంటుంది గానీ గ్రీకులో రెండు చోట్ల రెండు మాటలు. మొదటిది ఒక్కడి వల్ల కాని బరువు. రెండోది ప్రతివాడూ మోయాల్సిన మూట, ఈ ఫోర్తియోనే. శవం ఏ లెక్కలోకి వస్తుందో వేరే చెప్పాలా? తన పాడెను తాను మోసుకున్నవాడు లేడు.

ఆదిసంఘం దీన్ని చేతల్లో చూపింది. అననీయ శవాన్ని మోసుకెళ్లింది సంఘంలోని యువకులు. స్తెఫనును సమాధి చేసింది భక్తిగల మనుషులు. క్రీ.శ. 200కు కొంచెం ముందు తెర్తుల్లియన్ రాస్తూ, సంఘపు నిధిలో డబ్బు పేదల భోజనానికీ భూస్థాపనకూ ఖర్చవుతుందని అన్యులకు వివరించాడు. నాలుగో శతాబ్దంలో క్రైస్తవాన్ని గిట్టని జూలియన్ చక్రవర్తి కూడా ఈ మతం వ్యాపించడానికి చనిపోయినవారి పట్ల వీళ్లు చూపే శ్రద్ధ ఒక కారణమని తన పూజారికి రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు.

2020 ఏప్రిల్‌లో చెన్నైలో కరోనాతో చనిపోయిన డాక్టర్ సైమన్ హెర్క్యులిస్ గారి శరీరాన్ని సమాధుల తోటకు తీసుకెళ్తే జనం అడ్డుపడి, అంబులెన్సు మీద రాళ్లూ కర్రలతో దాడి చేశారు. తోటి డాక్టరు ప్రదీప్‌కుమార్ గారు ఇద్దరు ఆసుపత్రి ఉద్యోగులతో కలిసి ఆ రాత్రే మళ్లీ వెళ్లి, తానే పార పట్టి మట్టి కప్పారు. మద్రాసు హైకోర్టు అనుమతితో కీల్పాక్ సమాధుల తోటలోకి ఆ శరీరం చేరేసరికి 2021 వచ్చింది. ఆ రోజుల్లో మన నగరంలోనూ మోసే నలుగురు దొరకని ఇళ్లు ఎన్నో.

ఆ రోగం తగ్గింది గానీ భుజాల కొరత తగ్గలేదు. మధురానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో మన సంఘాలవారు ఎక్కువగా అపార్టుమెంట్లలోనే ఉంటున్నారు. చాలా లిఫ్టుల్లో పెట్టె పట్టదు. మూడో అంతస్తు నుంచి మెట్ల మలుపుల్లో దాన్ని వంచకుండా దించాలంటే కనీసం ఆరుగురు కావాలి, అందులో ఇద్దరు వెనక్కి నడవగలిగినవాళ్లై ఉండాలి. పిల్లలు అమెరికాలోనో రాత్రి డ్యూటీలోనో ఉంటారు. ఫ్రీజర్ బాక్సు తెచ్చిన కుర్రాళ్లకే మరికొంత డబ్బిచ్చి పని కానిస్తున్నారు. ఆ కుర్రాళ్లను తప్పుపట్టను, చాలామంది మర్యాదగానే చేస్తారు. కానీ భూస్థాపన ఆరాధనకు వాట్సాప్‌లో సమయం అడిగే యువకులకు నేను సమాధుల తోట సమయం చెప్పడం మానేశాను. ఇంటి దగ్గర పెట్టె లేచే సమయమే చెబుతున్నాను, చెప్పులు కాకుండా బూట్లు వేసుకుని రమ్మంటున్నాను.