శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరు: రెండు రోజులా, 17 గంటలా?

మన మాడుగుల చుట్టుపక్కల పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో పెద్దవాళ్లు అడిగే మాట: "ఇవాళ ఎక్కుతాడట, ఎల్లుండి దిగుతాడట. అంత దూరమా?"

నిజంగా తిరిగిన ఫ్లైట్‌తోనే లెక్క చూద్దాం. 2021 జనవరి 9 రాత్రి ఎనిమిదిన్నరకి ఎయిర్ ఇండియా విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో బయలుదేరింది. పైలట్లందరూ మహిళలే. 11 తెల్లవారుజామున బెంగళూరులో దిగింది. క్యాలెండర్‌లో రెండు రోజుల తేడా. గాల్లో ఉన్నది సుమారు 17 గంటలే.

ఎలాగంటే, టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. చలికాలంలో మనం వాళ్లకంటే పదమూడున్నర గంటలు ముందుంటాం. వేసవిలో వాళ్లు గడియారం గంట ముందుకు జరుపుతారు, అప్పుడు పన్నెండున్నర. అంటే అక్కడ 9 రాత్రి 8:30 అయితే ఇక్కడ 10 ఉదయం 10. దానికి 17 కలపండి: 11 తెల్లవారుజాము 3. సరిపోయిందా?

ఇక దూరం, దాదాపు 14,000 కిలోమీటర్లు. ఆ విమానం ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. గ్లోబు మీద ఈ రెండు ఊళ్ల మధ్య దారం బిగించి చూడండి, అది పైకే పోతుంది. అదే దగ్గర దారి.

కానీ ఇంట్లో ఎవరికైనా సీరియస్ అయి పిల్లల్ని రమ్మన్నప్పుడు, 17 గంటల్లో వచ్చేస్తారని చెప్పొద్దు. బెంగళూరులో ఇమిగ్రేషన్, లగేజీ, విశాఖ ఫ్లైట్ కోసం వెయిటింగ్, ఆ ఫ్లైట్ గంటన్నర, మళ్లీ మాడుగులకి కారులో రెండు గంటల పైనే. ఒక పూట ఎక్కువే వేసి చెప్పండి. ఉంటా మరి!