మాడ్యూల్ ఉంది, సదుపాయం ఏదీ?

సొంత చాట్ సర్వర్ నడిపేవాళ్ల దగ్గరికి తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది. గ్రూపులో కొత్తగా చేరినవాళ్లకి ఆఖరి 20 సందేశాలే కనిపిస్తాయి, అంతకు ముందువి రావు. పాత సంభాషణను భద్రపరిచే మాడ్యూల్ సర్వర్లో ఉంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో దాని పేరూ ఉంది. సర్వర్ ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తోంది. అయినా పని మాత్రం జరగదు.

ఇలాంటప్పుడు చాలామంది మాడ్యూల్ పాడైందనుకుని దాన్ని తీసేసి మళ్లీ వేస్తారు. మాడ్యూల్ కోడ్‌లో లోపం ఉండడం అరుదు. దాని పేరు రాసిన పంక్తి ఫైల్లో ఎవరి కింద ఉందన్నదే ముందు చూడాలి. ప్రోసడీ అనే సర్వర్‌లో ఈ సంగతి చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రోసడీ 2008లో మొదలైంది. ఉచితం, సోర్స్ కోడ్ ఎవరైనా చదువుకోవచ్చు. జిట్సీ మీట్ వీడియో సమావేశాల్లో ఎవరు వచ్చారు, ఎవరు వెళ్లారు అన్న సమాచారాన్ని నడిపించేది ఇదే. ఇది అనుసరించే ప్రోటోకాల్ పేరు ఎక్స్‌ఎంపీపీ. 1999 జనవరిలో జెరెమీ మిల్లర్ జాబర్ అన్న పేరుతో ప్రకటించిన పని 2004లో ఇంటర్నెట్ ప్రమాణం అయింది, 2011లో సవరణ పొందింది. మనలో చాలామంది వాడిన గూగుల్ టాక్ 2005లో దీని మీదే వచ్చింది. వాట్సాప్ కూడా తొలినాళ్లలో ఈజాబర్‌డీ అనే మరో ఎక్స్‌ఎంపీపీ సర్వర్‌ని తీసుకుని తనకు కావలసినట్టు మార్చుకుంది.

ఈ ప్రమాణంలో అసలు భాగం చాలా చిన్నది: లాగిన్ అవడం, సందేశం పంపడం, ఎవరు ఆన్‌లైన్లో ఉన్నారో తెలపడం. గ్రూపులు, ఫొటోలు, పాత సందేశాలు, ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే సంభాషణ కనిపించడం, ఇవన్నీ తర్వాత చేరిన పొడిగింపులు. అలాంటివి 400 పైచిలుకు ఉన్నాయి. ప్రోసడీలో ఒక్కో సదుపాయం లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఒక్కో చిన్న ఫైలు. చివరికి లాగిన్‌ని చూసుకునేది కూడా ఒక మాడ్యూలే. కాబట్టి ఏ సర్వర్ ఏం చేయగలదన్నది, అందులో ఏ మాడ్యూల్స్‌ని ఎవరి కోసం తెరిచారన్నదాని మీదే ఆధారపడుతుంది.

తెరిచే చోటు ప్రోసడీ కాన్ఫిగరేషన్ ఫైలు. అందులో 'మాడ్యూల్స్_ఎనేబుల్డ్' అని రాసి, మీసాల బ్రాకెట్లలో పేర్లు వరసగా ఇస్తాం. ఈ ఫైలు కూడా లువా భాషలో రాసినదే, అంటే చదవగానే నడిచే చిన్న ప్రోగ్రామ్. ఇక్కడ తప్పులు రెండు రకాలు.

మొదటి రకం పట్టుబడిపోతుంది. 40వ పంక్తిలో మాడ్యూల్ పేరు తర్వాత కామా మరిచిపోయారనుకోండి, సర్వర్ మొదలవదు. '35వ పంక్తిలో తెరిచిన బ్రాకెట్ మూయాలి, 41వ పంక్తిలో కార్బన్స్ దగ్గర' అన్న అర్థంలో సందేశం ఇస్తుంది (కార్బన్స్ అన్నది జాబితాలో తర్వాతి మాడ్యూల్ పేరు). కొత్తవాళ్లు 41వ పంక్తినే పట్టుకుని దానిలో ఏం తప్పుందా అని వెతుకుతారు. అక్కడ తప్పేమీ ఉండదు. కామా కోసం చూసి చూసి 41 దగ్గర ఆశ వదులుకుంది లువా. కామా పోయింది మాత్రం 40 చివర. ఎర్రర్ ఏ పంక్తి చూపిస్తే దానికి ఒక పంక్తి పైన కూడా చూడడం అలవాటు చేసుకుంటే చాలా సమయం కలిసొస్తుంది. మరోచోటి నుంచి కాపీ చేసి అతికించినప్పుడు కొటేషన్ గుర్తులు వంకరవిగా వచ్చేస్తాయి. కంటికి అందంగానే ఉంటాయి కానీ లువాకి అవి కొటేషన్లు కావు.

రెండో రకం తప్పు సర్వర్‌ని ఆపదు, మాట కూడా అనదు. 'మాడ్యూల్స్_ఎనేబుల్డ్' బదులు చివరి అక్షరం వదిలేసి 'మాడ్యూల్స్_ఎనేబుల్' అని రాస్తే, లువా దృష్టిలో అది ఇంకేదో కొత్త పేరు. దాన్ని బుద్ధిగా గుర్తుపెట్టుకుంటుంది. ఆ పేరుని ఎవరూ అడగరు, అంతే. మాడ్యూల్ ఫైలు పేరు 'మాడ్' అన్న ముక్కతో మొదలవుతుంది గాని, జాబితాలో ఆ ముక్క రాయకూడదు. రాస్తే సర్వర్ దాని ముందు మరో 'మాడ్' తగిలించి, లేని ఫైలు కోసం వెతుకుతుంది. ఇది మాత్రం లాగ్‌లో దొరుకుతుంది, చూస్తే.

అన్నిటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది చోటు. ఫైలు మొదట్లో రాసినవి సర్వర్ మొత్తానికి వర్తిస్తాయి. 'వర్చువల్‌హోస్ట్' అన్న పంక్తి రాగానే, అక్కడి నుంచి రాసిన ప్రతిదీ ఆ ఒక్క డొమైన్‌దే. ఆ భాగానికి ముగింపు గుర్తు లేదు. ఇంకో వర్చువల్‌హోస్టో, గ్రూపుల వంటి విడి సేవని మొదలుపెట్టే 'కాంపోనెంట్' అన్న పంక్తో వచ్చేదాకా దాని ఏలుబడి సాగుతూనే ఉంటుంది. కొత్త అమరిక ఏదైనా ఫైలు చివర చేర్చడం మనుషుల సహజ అలవాటు. చివర ఉన్నది గ్రూపుల కాంపోనెంట్ అయితే, సర్వర్ మొత్తానికి అనుకుని రాసినది గ్రూపుల ఖాతాలో పడిపోతుంది. 'ప్రోసడీసీటీఎల్ చెక్ కాన్ఫిగ్' అన్న ఆజ్ఞ ఇలాంటి చోటు తప్పుల్ని చాలావరకు వేలెత్తి చూపిస్తుంది. సర్వర్ మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి నడపడానికి బద్ధకించకూడదు.

గ్రూపు ఫిర్యాదుకి మూలం కూడా ఇక్కడే ఉంది. పైన మొత్తానికి రాసిన మాడ్యూల్స్ వర్చువల్‌హోస్ట్‌లకి అందుతాయి, కాంపోనెంట్‌లకి అందవు. ఒకే ఆవరణలో ఉన్నా వేరే కరెంటు మీటరు ఉన్న పోర్షన్ లాంటిది కాంపోనెంట్. దాని కనెక్షన్ దానికి విడిగా ఇవ్వాలి. వ్యక్తుల మధ్య సందేశాల్ని భద్రపరిచేది 'మామ్' అనే మాడ్యూల్, గ్రూపు సందేశాల్ని భద్రపరిచేది 'మక్_మామ్'. రెండోదాన్ని పై జాబితాలో చేరిస్తే ఫలితం ఉండదు. గ్రూపుల కాంపోనెంట్ పంక్తి కింద మరో 'మాడ్యూల్స్_ఎనేబుల్డ్' తెరిచి అందులో రాయాలి. అది లేనప్పుడు, చేరేవాళ్లకి గ్రూపు మామూలుగా ఇచ్చే చివరి 20 సందేశాలే మిగులుతాయి. పెట్టాక కూడా ఒకటి గమనించాలి. గడువు మార్చకపోతే ఒక వారం దాటినవి చెరిగిపోతాయి, మాడ్యూల్ రాకముందు నడిచిన సంభాషణ ఎలాగూ దొరకదు.

పంక్తి సరైన చోట పడ్డా ఫలితం కనిపించలేదంటే రీలోడ్‌ని అనుమానించాలి. రీలోడ్ ఆజ్ఞ ఇస్తే సర్వర్ ఫైలుని మళ్లీ చదువుతుంది గాని, కొత్తగా చేర్చిన మాడ్యూల్‌ని దానంతట అది ఎక్కించుకోదు. సర్వర్‌ని రీస్టార్ట్ చేయాలి, లేదా అడ్మిన్ షెల్‌లోకి వెళ్లి ఆ ఒక్క మాడ్యూల్‌ని ఎక్కించాలి.

ఇంత చేశాక, పని జరిగిందో లేదో సర్వర్‌నే అడగవచ్చు. ఎక్స్‌ఎంపీపీలో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇది. లాగిన్ కాగానే యాప్ 'నీకేం వచ్చు' అని అడుగుతుంది, సర్వర్ తనకున్న సదుపాయాల జాబితా పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో కన్వర్సేషన్స్ యాప్ తెరిచి, ఖాతా వివరాల్లో సర్వర్ సమాచారం చూస్తే, ఒక్కో పొడిగింపు ఎదురుగా ఉందో లేదో రాసి ఉంటుంది. కాన్ఫిగరేషన్ ఫైల్లో ఉన్నది మన కోరిక. ఈ జాబితాలో ఉన్నది సర్వర్ వాస్తవం. రెండూ కలవకపోతే తప్పు ఇంకా సర్వర్ లోపలే ఉంది, ఫైలుకి తిరిగి వెళ్లాలి. చిన్న కాలేజీలు, స్వచ్ఛంద సంస్థలు తమ మాటల్ని తమ యంత్రంలోనే ఉంచుకోగలగడం చాలా విలువైన సంగతని నా నమ్మకం. అలాంటివాళ్లు ఒక పంక్తి చోటు తెలియక సర్వర్‌ని మూసేస్తుంటే బాధగా ఉంటుంది. ఈ జాబితా చూడడం వాళ్లకి ముందే తెలిసి ఉండాల్సింది.

జాబితాలో సదుపాయం కనిపిస్తూ కూడా పని జరగకపోతే, దారి చూడాలి. ఫొటోలు పంపడం దీనికి మంచి ఉదాహరణ. ఫొటో మామూలు సందేశాలు వెళ్లే 5222 పోర్టు మీదుగా పోదు. యాప్ అడిగితే సర్వర్ ఒక వెబ్ చిరునామా ఇస్తుంది, ఫొటో అక్కడికి హెచ్‌టీటీపీఎస్ మీదుగా చేరుతుంది. ప్రోసడీలో దానికి 5281 పోర్టు. ఫైర్‌వాల్‌లో 5222 తెరిచి దీన్ని మరిచిపోతే సందేశాలు చక్కగా వెళ్తాయి, ఫొటోలు ఒక్కటీ వెళ్లవు. ఆ చిరునామాలోని సబ్‌డొమైన్ పేరు సర్టిఫికెట్‌లో లేకపోయినా అదే ఫలితం.

కొన్ని ఫొటోలు వెళ్లి కొన్ని ఆగిపోతే మాత్రం కథ వేరు. ప్రోసడీ ఫైల్ షేర్ మాడ్యూల్ మామూలుగా 10 ఎంబీ దాకా ఒప్పుకుంటుంది. దాని ముందు ఎంజినెక్స్ వెబ్ సర్వర్ని నిలబెడితే, మార్చనంతవరకు ఎంజినెక్స్ పరిమితి 1 ఎంబీ. అంతకు మించిన ఫొటో ప్రోసడీ గుమ్మం దాకా రానే రాదు, అందుకే ప్రోసడీ లాగ్‌లో దాని ఊసే ఉండదు. ఎంజినెక్స్ లాగ్ తెరిస్తే 413 అన్న అంకె దొరుకుతుంది. పరిమితి పెంచాల్సింది అక్కడే. మాడ్యూల్ పంక్తుల జోలికి పోనక్కర్లేదు.